నోరు అనే పేట

పడవ ఇంకా నడి నీళ్ళలో ఉండగానే అడిగాను,
ఆ అవతలి ఒడ్డు పేరేమిటని.
తెడ్లు వదిలేసి యులోహియో
వేలితో తన నోరు చూపించాడు.

ఆకలేస్తోందనుకున్నాను.
ఎన్‌కార్నసియోన్ నుంచి ఒక రాత్రంతా బస్సులో
ఒళ్ళో పెట్టుకు తెచ్చుకున్న చీపా రొట్టె
సగం తుంచి ఇచ్చాను.
తిన్నాడు. మొత్తం తిన్నాక నవ్వాడు,
చప్పుడు లేని నవ్వు. అప్పుడు చూశాను
మెడకు కట్టిన నీలం రుమాలు,
దాని వెనక నాణెమంత కన్నం,
అందులోంచి వచ్చిపోయే ఊపిరి.

పేట పేరు లా బోకా. అంటే నోరు.
చిన్న నది పెద్ద నదిలో కలిసేచోట
నోరు తెరుస్తుంది కదా, అంతే.
ఇంత చిన్న సంగతికి సగం రొట్టె పోయింది.

మా గ్వరానీలో నోటిని జురు అంటాం.
అనగానే ఏదో జుర్రుకున్నట్టుంటుంది.

ఏ నోటికైనా వాసన ఉంటుంది, దీనికి మరీను.
తోళ్ళ కార్ఖానాల కషాయం, ఓడల నూనె,
పుక్కిలించి ఉమ్మడం మరిచిపోయినట్టు
నది లోపలే పెట్టుకున్న నీళ్ళు.
మొదటి నెల ముక్కు మూసుకుని పడుకున్నాను.
రెండో నెల ఎప్పుడు మరిచిపోయానో గుర్తులేదు.

రేకుల ఇల్లు. పడవలకు వేయగా మిగిలిన రంగు
తలుపు దాకా పసుపు, కిటికీ సగం దాకా ఆకుపచ్చ,
అక్కడ డబ్బా అయిపోయింది. ఆ పైన తుప్పు.
పన్నెండు గదులకు ఒక కుళాయి.
కుండ మూతికి మూకుడుంది, ఊరి మూతికి ఎక్కడ తెస్తాం?
నేను ఎవరింట్లో గచ్చు కడుగుతున్నానో
ఎంత ఇస్తున్నారో, అందులో ఎంత విరగ్గొట్టానో
సాయంత్రానికి బిందెలన్నిటికీ తెలిసేది.
ఆదివారం బంతాట రోజున
పేట మొత్తం ఒకే గొంతుతో అరిస్తే
అలమరలో గ్లాసులు ఒకదాన్నొకటి పలకరించేవి.

ఆగ్నేయం గాలి కొడితే నది వెనక్కి మింగుతుంది.
కాలిబాట నడుమెత్తు ఎందుకు కట్టారో
ఆ ఆగస్టు రాత్రి తెలిసింది.
ఇంటామె నెలీదా కస్తాన్యోలా
ముందు కుట్టుమిషను బల్ల ఎక్కించింది,
తర్వాత పిల్లిని, తర్వాత మొగుడి ఫొటోని.
మోకాటి లోతు నీళ్ళలో నన్ను చూసి
"నువ్వూ ఎక్కు, నిన్ను వేరే పిలవాలా?" అంది.
నన్ను లెక్కలో వేసుకున్న మొదటి మాట అది.

పందొమ్మిదేళ్ళయింది.
ఈ మార్చిలో ఒక కుర్రాడు వచ్చాడు, సాక్సు లేని బూట్లు,
మెరిసే కాగితాల కట్ట.
నోరు అంటే ఫ్లాట్లు అమ్ముడుపోవట.
ఇకమీద మేము దక్షిణ రేవు.
నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు,
ఊరి పేరే నోరైతే ఏమంటారో ఎవరూ చెప్పలేదు.

క్లబ్బు హాల్లో అందరూ లేచారు, అందరూ అరిచారు.
ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు.
అప్పుడు యులోహియో వెనక బెంచీ నుంచి వచ్చి
మైకు తీసుకున్నాడు.
రుమాలు విప్పి గొంతు కన్నానికి ఆనించాడు.

గాలి.
తడి గాలి, లోపలికి, బయటికి.
కప్పు రేకుల దాకా పోయి తిరిగొచ్చింది.

"ఏమంటున్నాడు?" అన్నాడు కుర్రాడు.
"పేరు చెబుతున్నాడు," అంది నెలీదా,
కళ్ళజోడు తుడుచుకుంటూ, విసుగ్గా.

బోర్డు పెట్టారనుకోండి.
తెల్లది, లైట్లతో, వంతెన పక్కన.
మొన్న గాలికి నీళ్ళు వచ్చాయి,
దాని కాళ్ళ దాకా, కింది అక్షరాల దాకా,
కాసేపు రుచి చూసి
వెళ్ళిపోయాయి.